‘ఆడుకున్నాం’ అంటే ఏం చేసినట్టు?

మా అమ్మాయి ప్రీస్కూల్లో చేరిన కొత్తలో రోజూ మధ్యాహ్నం గేటు దగ్గర మా ఇద్దరికీ ఒకటే గొడవ.

“ఇవాళ టీచర్ ఏం చెప్పారమ్మా?”

“ఆడుకున్నాం.”

“ఆడుకున్నారు, బాగుంది. ఏం చెప్పారు?”

“చెప్పా కదా నాన్నా, ఆడుకున్నాం!”

పక్కింటి బాబుదీ అదే వయసు, వేరే స్కూలు. వాడి బ్యాగులో నాలుగు గీతల నోటుబుక్కు ఉంటుంది. అందులో ఏ నుంచి జెడ్ దాకా, ఒకటి నుంచి వంద దాకా రాసి ఉంటాయి, ప్రతి పేజీ కిందా ఎర్ర పెన్నుతో ‘గుడ్’. మా అమ్మాయి బ్యాగు దులిపితే ఎండిన రావి ఆకు, నాలుగు చింతపిక్కలు, పగుళ్ళిచ్చిన మట్టి ముద్ద రాలాయి. ఆ ముద్ద ఏనుగట. ఫీజులో మాత్రం రెండు స్కూళ్ళకీ పెద్ద తేడా లేదు. నాకు టెన్షన్ మొదలైంది. మా అమ్మ ఫోన్ చేసి ‘పిల్లకి ఇంకా అ ఆలు రాలేదా’ అని అడిగినప్పుడల్లా అది ఇంకాస్త పెరిగేది.

ఉండబట్టలేక ఒకరోజు టీచర్ని అడిగి క్లాసులో ఓ మూల కూర్చున్నాను. తర్వాత ఈ విషయం మీద దొరికినవన్నీ చదివాను, ఒకటి రెండు అంగన్‌వాడీలకూ వెళ్ళి చూశాను. చిక్కు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ‘ఆటపాటలతో నేర్పుతాం’ అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు పనులు నడుస్తున్నాయి. పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేసి టీచర్ తన పని చూసుకోవడం ఒకటి. బొమ్మలున్న వర్క్‌షీటు ఇచ్చి రంగులు వేయించి దాన్నే ఆట అనడం ఇంకొకటి. మూడోది, పిల్లలు నిజంగానే ఆడుకుంటుంటే ఆ ఆట ఎటు పోతోందో కనిపెట్టి ఉండి, అవసరమైనప్పుడు అవసరమైనంత చెయ్యి వెయ్యడం. పరిశోధనల్లో మంచి పేరు తెచ్చుకున్నది ఈ మూడోది. బ్రోషర్లలో కనపడే ‘ప్లే వే’ చాలాచోట్ల మొదటిదో రెండోదో.

కిరాణా కొట్టులో ఒక పొద్దు

ఆ రోజు నేను చూసింది ఇది. గది మూలన రెండు అట్టపెట్టెలు పేర్చి కొట్టు పెట్టారు. ఖాళీ డబ్బాలు, ఒక పాత తక్కెడ, గిన్నె నిండా చింతపిక్కలు, రూపాయి బిళ్ళలకు బదులు సీసా మూతలు, కొన్ని చిన్న పసుపు బంతులు. కొట్టాయనకి నాలుగున్నరేళ్ళు ఉంటాయి. ఒక పాప చున్నీని చీరలా చుట్టుకుని వచ్చి, “కందిపప్పు అరకిలో ఇవ్వండి, తొందరగా, కుక్కర్ పెట్టాలి” అంది. వాడు దోసెడు చింతపిక్కలు తీసి తక్కెడలో పోశాడు. తక్కెడ ఒక పక్కకి ఒరిగిపోయింది. రెండో పళ్ళెంలో చెక్కముక్క పెట్టాడు, చాల్లేదు. ఇంకోటి పెట్టాడు, ఈసారి అటు ఒరిగింది. ఈ లోపల వెనకున్న పిల్లాడు ముందుకి తోసుకొచ్చాడు. “లైన్లో రా, లేకపోతే ఇవ్వను” అని కొట్టాయన కోప్పడ్డాడు. తోసుకొచ్చినవాడు మూతి ముడుచుకుని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఇంట్లో వీడు ఎవరి మాటా వినడని వాళ్ళమ్మ నాతో చెప్పిన పిల్లాడు వాడే.

టీచర్ అప్పటిదాకా దూరంగా చాప మీద కూర్చుని చూస్తోంది. ఒక సంచి భుజాన వేసుకుని వచ్చి లైన్లో చివర నిలబడింది. వంతు వచ్చాక, “బాబూ, నా దగ్గర అయిదు రూపాయలే ఉన్నాయి. నిమ్మకాయ రెండు రూపాయలంటున్నావు. ఎన్నొస్తాయి?” అని అడిగింది. వాడు అయిదు మూతలూ తీసుకుని, ఒక పసుపు బంతి పక్కన రెండు మూతలు పెట్టాడు, ఇంకో బంతి పక్కన రెండు పెట్టాడు. ఒక మూత మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి సగం నిమ్మకాయ” అన్నాడు. “సగం కోసిస్తావా?” “కత్తి లేదు. రేపు రండి.” “రేపటికి మర్చిపోతావేమో, రాసి పెట్టుకో మరి” అని ఆవిడ వెళ్ళిపోయింది. వాడు పాత క్యాలెండర్ కాగితం మీద ఒక సున్నా చుట్టి, దాని మధ్యలో గీత కొట్టాడు. సగం నిమ్మకాయ.

టీచర్ ఆటలో ఉన్నది నిమిషం కూడా లేదు. కానీ ఆవిడ రాకముందు అక్కడ భాగహారం లేదు, రాత లేదు. ఆవిడ వచ్చి ‘పిల్లలూ, ఇప్పుడు భాగహారం నేర్చుకుందాం’ అని ఉంటే కొట్టు అక్కడితో మూతపడేది.

ఇంట్లో చేతికి ఏది దొరికితే దాంతో ఆడుకునే పిల్లల్ని చూస్తే ఇది కొత్తగా అనిపించదు. లక్కపిడతల్లో వంట, బొమ్మల పెళ్ళి, టీచరాట మన వాకిళ్ళలో ఎప్పుడూ ఉన్నవే. అందులో జరిగేదేమిటో 1933లో లెనిన్‌గ్రాద్‌లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో వైగోట్‌స్కీ అనే సోవియట్ మనస్తత్వవేత్త విడమర్చి చెప్పాడు. పిల్లవాడు కర్రపుల్లని గుర్రం చేసుకుని తొక్కుతున్నాడంటే, వస్తువు నుంచి దాని అర్థాన్ని విడదీయడం మొదలుపెట్టాడన్నమాట. చింతపిక్క కందిపప్పు అయినప్పుడు, మూత రూపాయి అయినప్పుడు జరిగేది అదే. రేపు పలక మీద వంకర గీత ఒకటి ‘అ’ అనే శబ్దం అవ్వాలన్నా, ‘3’ అనే గీత మూడు మామిడికాయలు అవ్వాలన్నా ఇదే విద్య కావాలి. అక్షరం కూడా ఒక ఉత్తుత్తి వస్తువే. సున్నాలో గీత కొట్టి సగం నిమ్మకాయ అన్న పిల్లాడు రాతకి గుమ్మం దాకా వచ్చేశాడు.

ఆ మూతి ముడుచుకున్న పిల్లాడి సంగతీ వైగోట్‌స్కీ చెప్పాడు. ఆటలో పిల్లలు తమ మామూలు ఎత్తు కన్నా తలెత్తు పొడుగ్గా ఉంటారని ఆయన అన్న మాట ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. ఆయన బాటలో నడిచిన మనుయిలెంకో అనే పరిశోధకురాలు 1940లలో చిన్న ప్రయోగం చేసింది. పిల్లల్ని ఊరికే కదలకుండా నిలబడమంది. తర్వాత ఆటలో భాగంగా, నువ్వు కాపలా సిపాయివి, కదలకుండా నిలబడాలి అంది. సిపాయిలైనప్పుడు వాళ్ళు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. అమ్మ చెబితే ఆగని పిల్లాడు ఆట నియమానికి ఆగుతాడు, ఎందుకంటే ఆ నియమం తప్పితే ఆటే పోతుంది.

ఇలా తన్ను తాను ఆపుకోవడం, చెప్పింది బుర్రలో నిలుపుకోవడం, మాట మారగానే దారి మార్చుకోవడం, ఈ మూడింటినీ కలిపి ‘ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్’ అంటారు. ఒకటో తరగతిలో కుదురుగా కూర్చుని పాఠం వినాలంటే కావలసిన సరుకు ఇదే. నేలా-బండా ఆట గుర్తు చేసుకోండి. దొంగ ‘నేల’ కోరుకుంటే మిగతావాళ్ళు నేల మీద కాలు పెట్టకూడదు, ‘బండ’ కోరుకుంటే బండ ఎక్కకూడదు. దిగాలని కాలు లాగుతుంటుంది, నియమం వద్దంటుంది. ‘కాకి ఎగిరింది’ అంటే వేలెత్తాలి, ‘గేదె ఎగిరింది’ అంటే ఎత్తకూడదు అనే ఆటలోనూ అంతే. గేదె దగ్గర సగం క్లాసు వేళ్ళు లేచిపోతాయి, నవ్వులు మొదలవుతాయి. రెండు వారాలు ఆడాక ఆ వేళ్ళు సగంలో ఆగడం కళ్ళతో చూడొచ్చు.

వైకుంఠపాళికి ఒక చిన్న సవరణ

లెక్కల విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పరిశోధన గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో అమెరికాలో చేసింది. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలతో ఒక వరుసలో 1 నుంచి 10 దాకా గళ్ళున్న ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగు సార్లు, సారికి పావుగంటో ఇరవై నిమిషాలో. ఇంకో గుంపుతో అలాంటిదే ఆడించారు, కాకపోతే గళ్ళలో అంకెలకు బదులు రంగులు. అంకెల ఆట ఆడినవాళ్ళు ఏది పెద్దది ఏది చిన్నది అని చెప్పడంలో, లెక్కపెట్టడంలో, అంకెలు గుర్తుపట్టడంలో ముందుకు పోయారు. తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ తేడా ఉంది. మొత్తం కలిపి గంటా గంటంపావు ఆట!

అందులో కీలకం ఎక్కడుందంటే, కాయ జరిపేటప్పుడు పిల్లలు ఏమని లెక్కపెడుతున్నారన్న దగ్గర. మనింట్లో వైకుంఠపాళి ఆడేటప్పుడు రెండు పడితే ‘ఒకటి, రెండు’ అని జరుపుతాం. అక్కడ, అయిదో గడిలో ఉన్న పిల్లకి రెండు పడితే ‘ఆరు, ఏడు’ అనాలి. గడిలో ఉన్న అంకె చూసి పలకాలి. ఈ చిన్న సవరణతో అంకె పాట కాస్తా దారి అవుతుంది. ఏడు అంటే ఆరు తర్వాతి అడుగు, పదికి మూడడుగుల దూరం. ఇదే ఆటని గుండ్రంగా తిరిగే బోర్డు మీద ఆడిస్తే అంత ఫలితం రాలేదని ఆ తర్వాతి ఏడు వాళ్ళే చూపించారు. అష్టాచెమ్మా అభిమానులు మన్నించాలి, దాని మేలు వేరే చోట ఉంది.

నోటుబుక్కు సంగతి

అసలు పోటీ ఆటకీ చదువుకీ మధ్య కాదు, ఆటకీ నోటుబుక్కుకీ మధ్య. నోటుబుక్కు కంటికి కనపడుతుంది, బంధువులకి చూపించొచ్చు, ఫీజుకి రసీదులాంటిది.

మూడేళ్ళ చేతి గురించి ఒక్క విషయం. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. మూడేళ్ళ పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే సాధారణంగా వాటిలో ఓ మూడు ఎముకలు కనపడతాయి. మిగతావి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిది పదేళ్ళ దరిదాపుల్లో. చేతి మీద పట్టు భుజం దగ్గర మొదలై మోచేతికి, మణికట్టుకి, చివరికి వేళ్ళ కొసలకి దిగుతుంది. అందుకే చిన్న పిల్లలు గోడ మీద చెయ్యంతా ఊపుతూ పెద్ద పెద్ద సున్నాలు చుట్టగలరు, నాలుగు గీతల మధ్య చిన్న సున్నా చుట్టమంటే ఏడుస్తారు. పైగా మనది గుండ్రటి లిపి. ‘అ’లో ఎన్ని మెలికలున్నాయో, ‘ఋ’, ‘ఝ’ రాయాలంటే చెయ్యి ఎన్నిసార్లు దిశ మార్చాలో ఒకసారి ఎడమ చేత్తో రాసి చూడండి, ఆ ఏడుపెందుకో తెలుస్తుంది.

మట్టి పిసకడం, చపాతీ పిండి ముద్దలు చెయ్యడం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం, గుండీలు పెట్టుకోవడం, ఇవన్నీ పెన్సిలు పట్టుకునే వేళ్ళకి కసరత్తులు. మా అమ్మాయి ఏనుగు నోటుబుక్కులో మొదటి పేజీ అన్నమాట. ఇది నాకు అర్థమయ్యేటప్పటికి ఆ ఏనుగుని చెత్తబుట్టలో వేసేశాను.

చదవడానికి పునాది కూడా కాగితం మీద పడదు, చెవిలో పడుతుంది. మాటని ముక్కలుగా వినగలగడం ముందు రావాలి. తాళం వేస్తూ ‘మా-మి-డి’కి మూడు చప్పట్లు, ‘కొబ్బరి’కి మూడు, ‘పాలు’కి రెండు అని కొట్టించే ఆట, ‘క’తో మొదలయ్యే వస్తువులు గదిలో వెతికి తెమ్మనే ఆట తెలుగు చదవబోయే పిల్లలకి బాగా పనికొస్తాయి. మన లిపిలో ఒక అక్షరం దాదాపు ఒక చప్పట్టు కదా. పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాషలోనే కొట్టు నడుపుతుంది, కాబట్టి ఇంటి భాష లేని క్లాసులో ఆట కూడా మూగబోతుంది. తెలుగు పిల్లల్ని ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడాలనే క్లాసుల్లోనూ అంతే, ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకి తెలుగు మాత్రమే వినిపించే కేంద్రాల్లోనూ అంతే.

ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి

అయితే అన్నీ పిల్లలే కనుక్కుంటారని వదిలేస్తే సరిపోతుందా? ఇక్కడ రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూడాలి, ఒకదాన్నే చూస్తే తప్పుదారి పడతాం.

2011లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో పిల్లలకి ఒక వింత బొమ్మ ఇచ్చారు. దాంట్లో నాలుగు గమ్మత్తులు దాగి ఉన్నాయి. ఒకచోట లాగితే కీచుమంటుంది, అలాంటివి. కొందరు పిల్లలకి పెద్దవాళ్ళు ‘ఈ బొమ్మ ఎలా పనిచేస్తుందో చూడు’ అని ఒక గమ్మత్తు చేసి చూపించి ఇచ్చారు. మిగతావాళ్ళకి అలా నేర్పలేదు. నేర్పించుకున్న పిల్లలు ఆ ఒక్కటే మళ్ళీ మళ్ళీ చేశారు, మిగతావి వెతకడం తగ్గించేశారు. పెద్దవాళ్ళు చెప్పారంటే ఇంతే ఉండి ఉంటుందని పిల్లల లెక్క. తెలివైన లెక్కే. కానీ వెతుకులాట అక్కడితో ఆగిపోయింది.

రెండోది 2013లో వచ్చింది, నాలుగైదేళ్ళ పిల్లలకి ఆకారాలు నేర్పడం గురించి. ఒక గుంపుకి టీచర్ చెప్పింది, పిల్లలు విన్నారు. ఇంకో గుంపుని ఆకారాల ముక్కలతో వాళ్ళిష్టం వచ్చినట్టు ఆడుకోనిచ్చారు. మూడో గుంపులో పిల్లలు ‘త్రికోణం రహస్యం కనిపెట్టే’ డిటెక్టివులు. పెద్దవాళ్ళు పక్కనుండి ‘దీనికి మూలలెన్ని? దానికి?’ అని దారి చూపించారు, జవాబు పిల్లల్నే వెతకనిచ్చారు. మామూలుగా పిల్లలకి త్రికోణం అంటే సమోసాలా కింద కూర్చుని పైన మొన ఉన్నదే. సన్నగా, వంకరగా, తలకిందులుగా ఉంటే ‘కాదు’ అంటారు. ఆ వంకర త్రికోణాన్ని కూడా త్రికోణమే అని గుర్తుపట్టడంలో మూడో గుంపు మిగతా రెండు గుంపుల్నీ దాటిపోయింది. ఊరికే ఆడుకున్న గుంపు ఆకారాల సంగతి పెద్దగా నేర్చుకోలేదు.

అంటే త్రికోణానికి మూడు మూలలనే విషయం ఊరికే ఆడుకుంటే రాదు, చెప్పి అప్పజెప్పించుకుంటే నిలవదు. కొట్టులో టీచర్ చేసింది ఈ మధ్య రకం పని. ప్రశ్న వేసి తప్పుకోవడం. ఎప్పుడు తప్పుకోవాలో తెలియడమే ఈ ఉద్యోగంలో కష్టం. నా దృష్టిలో అ ఆలు వల్లె వేయించడం కన్నా ఇది చాలా పెద్ద పని. దీన్ని తక్కువ పనిగా చూడటం మన అలవాటు, ‘పిల్లల్ని ఆడించడానికి ఎవరైతేనేం’ అంటాం.

ఆట మంత్రమూ కాదు. 2017లో సైన్స్ పత్రికలో వచ్చిన ఢిల్లీ ప్రయోగం ఈ వాదనలో ఉన్నవాళ్ళు తప్పక చూడాలి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ నడిపే కేంద్రాల్లో 1,540 మంది పిల్లల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపుతో నాలుగు నెలల పాటు లెక్కల ఆటలు ఆడించారు. ఏ కుప్పలో చుక్కలు ఎక్కువ, ఏ ఆకారం మిగతావాటి కన్నా వేరు, ఇలాంటివి. పిల్లల అంచనా శక్తి బాగా పెరిగింది, ఏడాది దాటాక కూడా నిలిచింది. కానీ వాళ్ళు ఒకటో తరగతికి వెళ్ళాక బడి లెక్కల్లో మిగతావాళ్ళ కన్నా ముందుండలేదు. ఎక్కువ తక్కువలు పసిగట్టే బుర్ర ఒకటి, ‘7’ అనే గుర్తుతో పనిచేసే బుర్ర ఇంకొకటి, రెంటికీ మధ్య వంతెన ఎవరో ఒకరు కట్టాలి. రమణి ఆటలో గడి మీద అంకె ఉంది, పిల్ల దాన్ని పలికింది. ఢిల్లీ ఆటల్లో బడి అంకెలకి ఆ ముడి పడలేదు. నాకు కనపడుతున్న తేడా అదే.

సరే, ఆటలన్నీ పక్కనపెట్టి ముందే చదువు మొదలెడితే? దానికీ ఒక జవాబుంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీస్కూలు సీట్లు లాటరీలో ఇచ్చారు, కాబట్టి సీటు వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ నికరంగా పోల్చే వీలు దొరికింది. మొత్తం 2,990 మంది పిల్లలు. మొదట్లో వెళ్ళినవాళ్ళు ముందున్నారు. ఆరో తరగతి ఫలితాలు 2022లో వచ్చేసరికి, వెళ్ళినవాళ్ళ మార్కులు వెళ్ళనివాళ్ళ కన్నా తక్కువ, క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువ. కారణం ఇదీ అని తేల్చే ఏర్పాటు ఆ అధ్యయనంలో లేదు. క్లాసంతా కూర్చుని వినడం, అక్షరాలు అంకెలు రుద్దడం ఎక్కువై, పిల్లల మాటకీ ఆటకీ చోటు తక్కువ కావడం వల్ల కావచ్చని దాన్ని నడిపినవాళ్ళలో ఒకరి అనుమానం. ప్రీస్కూలు ఉంటే చాలు, మంచే జరుగుతుందనే నమ్మకానికి మాత్రం అది గట్టి దెబ్బ.

మన దగ్గర

ఎల్‌కేజీలో ‘కేజీ’ అంటే పిల్లల తోట. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చెక్క దిమ్మెలు, బంతులు, పాటలతో ఫ్రోబెల్ అనే విద్యావేత్త మొదలుపెట్టిన బడికి తర్వాత పెట్టిన పేరు ‘కిండర్‌గార్టెన్’. ఇప్పుడు ఆ తోటలో బెంచీలు వేసి, డైరీలు ఇచ్చి, యూనిట్ టెస్టులు పెడుతున్నాం. ‘మాంటిస్సోరి’ బోర్డు లేని ఊరు మన దగ్గర అరుదు. ఆ పేరు మరియా మాంటిస్సోరి అనే ఇటలీ విద్యావేత్తది. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. పిల్లలు తమ పని తామే ఎంచుకుని, చేత్తో ముట్టుకుని చేసుకోవాలని చెప్పింది. ఉత్తుత్తి వంట కన్నా నిజం కూరగాయలు కోయడమే మేలని ఆవిడ పట్టుదల, ఆ మాట మీద ఫ్రోబెల్ వారసులతో పేచీ ఉంది. బోర్డు ఉన్న స్కూళ్ళలో ఈ రెండింటిలో ఏదీ జరగకపోవడం వేరే సంగతి.

2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అస్సాం, రాజస్థాన్, తెలంగాణలలో సుమారు 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ దాకా వెంబడించింది. అయిదేళ్ళ వయసులో, అంటే బడికి పోయే ముందు, ఉండాల్సిన సన్నద్ధత చాలామందిలో లేదని తేలింది. అంగన్‌వాడీల్లో బడి ముందు చదువు అనేదే తక్కువ. ప్రైవేటువాటిలో ఒకటో తరగతినే కిందికి లాగి చెప్పడం ఎక్కువ. ఆటలకీ మాటలకీ చోటున్న కొద్ది చోట్ల పిల్లల పరిస్థితి మెరుగ్గా ఉంది.

కాగితం మీద ఇవన్నీ ఒప్పుకున్నవే. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ళ లోపు పిల్లలకి పాఠ్యపుస్తకాలే వద్దంది. మరుసటి ఏడాది ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా విడుదల చేశారు. పెట్టె తెరిచి పిల్లల పక్కన కూర్చునే మనిషికి తీరిక ఉందా అన్నదే మిగిలిన ప్రశ్న.

నేను వెళ్ళిన ఒక అంగన్‌వాడీలో పద్దెనిమిది మంది పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. ఒక పాప గుమ్మం దగ్గర ఇసుకతో ఇడ్లీలు వేసి, బాదం ఆకులో పెట్టుకుని వచ్చింది. “టీచరమ్మా, వేడివేడిగా ఉన్నాయి.” టీచర్ చేతిలో ఫోను. “ఆగమ్మా, ఫొటో ఎక్కట్లేదు” అంది. పాప ఆకు పట్టుకుని నిలబడింది. ఇందులో ఆవిడ తప్పు నాకేమీ కనపడలేదు. బరువులు తూచాలి, గుడ్లూ పాలూ లెక్క చూపాలి, గర్భిణుల ఇళ్ళకి వెళ్ళాలి, యాప్‌లో అన్నీ ఎక్కించాలి. 1975 అక్టోబరు 2న ఈ అంగన్‌వాడీల పథకం మొదలైనప్పటి నుంచీ ఆహారం, ఆరోగ్యం, చదువు అన్నీ ఒక్క మనిషి చేతిలోనే ఉన్నాయి. దీనికి కేంద్రం లెక్కలో ఇచ్చేది జీతం కాదు, 4,500 రూపాయల గౌరవ వేతనం. ఆ పైన రాష్ట్రాలు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో అంగన్‌వాడీ సిబ్బంది 42 రోజుల సమ్మెకు దిగేనాటికి కార్యకర్తకి అన్నీ కలిపి నెలకి 11,500.

తమిళనాడులో గనిమియన్, మురళీధరన్, వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు 320 అంగన్‌వాడీలతో ఈ తీరిక సంగతినే పరీక్షించారు. కొన్ని కేంద్రాల్లో పిల్లల చదువు చూసుకోవడానికి రోజూ ఒక పూట పనిచేసే మనిషిని ఒకరిని అదనంగా పెట్టారు. అంతే, వేరే ఏ హంగూ లేదు. పిల్లలకి నేర్పే సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకెళ్ళారు. పాత కార్యకర్తకి తీరిక చిక్కడంతో పోషకాహార లోపం కూడా తగ్గింది.

ఆ రోజు ఇడ్లీలు నేనే తీసుకున్నాను. ఎంతమ్మా అంటే ప్లేటు మూడు రూపాయలంది. చిల్లర లేదన్నాను. ఆ పాప కాసేపు ఆలోచించి, ఆకు నా చేతిలోంచి తీసుకుని అందులోంచి ఒక ఇడ్లీ వెనక్కి తీసి పెట్టుకుని, మిగతావి ఇచ్చింది.